ఊట ఏ చేతి వైపు

“ఇంకో పది అడుగుల్లో ఎడమచేతి వైపు ఊట వస్తుంది, సీసాలు నింపుకోండి” అంది పెద్దమ్మ.

అందరూ ఎడమకు తిరిగారు. అటు ఎండుటాకులు, పడిపోయిన మాను ఒకటీ తప్ప ఏమీ లేదు. ఊట కుడివైపు రాళ్ళ సందులోంచి సన్నగా కారుతోంది.

“పెద్దమ్మా, ఇంతకీ మీరు రాసేది ఏ చేత్తో?” అంది పళ్ళ డాక్టరు సీసా మూత తీస్తూ.

“పలక పట్టిందే అరవై దాటాక తల్లీ. ఏ చేత్తో రాసినా కోడి గీతలే.”

అందరూ నవ్వారు. కండక్టరు మాత్రం వాచీ చూసుకున్నాడు. రిటైరై మూడేళ్ళయినా ఆయనకు తలలు లెక్కపెట్టే అలవాటు పోలేదు. అందుకే ఈ నడక బృందానికి ఆయన్నే పెద్దగా పెట్టుకున్నారు. ఆయన నియమం ఒక్కటే. రెండు గంటలకు ఈల వేస్తే, ఎక్కడున్నవాళ్ళు అక్కడే వెనక్కి తిరగాలి. చలికాలపు ఎండ ఎంత హాయిగా ఉన్నా, చెప్పాపెట్టకుండా చెట్ల వెనక్కి జారుకునే రకం.

పెద్దమ్మను వెంటబెట్టుకు రావడం ఆయనకు ఇష్టం లేదు. డెబ్భై నాలుగేళ్ళ మోకాళ్ళు. కానీ పోయిన వారం ఆవిడ గుమ్మంలోకి వచ్చి అడిగిన తీరుకు నోట కాదన్న మాట రాలేదు. ఆవిడ భర్త బతికుండగా ఈ అడవికి వాచరు. గట్టు చివరి కాపలా గదిలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. నెలాఖరుకు ఆ గదిని పడగొట్టేస్తున్నారట.

“ఒక్కసారి ఆ గడపలో నిలబడి వచ్చేస్తాను నాయనా. ఇంకేం అడగను” అంది ఆ రోజు.

పొద్దున బయల్దేరింది మొదలు ఆవిడ మాట ఆగలేదు. జంటబండల దగ్గర గాలి చల్లబడుతుందంది. చల్లబడింది. ఆ పై మలుపులో రాలినాకుల కింద గులకరాళ్ళుంటాయి, కాలు చూసి వేయండంది. చూడకుండా వేసిన పోస్టుమాస్టరు చతికిలబడ్డాడు.

“ఎన్నేళ్ళ సంగతులు పెద్దమ్మా ఇవన్నీ?” అంది పళ్ళ డాక్టరు.

“ముప్పై ఏళ్ళ సంగతులు. రోజూ సాయంత్రం ఆయనా నేనూ. ఒక్కరోజు తప్పితే ఒట్టు.”

“పెట్టి పుట్టారు. మా ఆయన నాతో వీధి చివరి దాకా కూడా రాడు.”

పెద్దమ్మ చిన్నగా నవ్వి, ముందుకు వంగి ఇంకో అడుగు వేసింది.

రెండుకు పది నిమిషాలుందనగా దారి రెండుగా చీలింది. గుర్తు పలక విరిగి, బాణం ఆకాశం వైపు చూస్తోంది. రెండు దారులూ కవలపిల్లల్లా ఉన్నాయి.

“తప్పుదారి పట్టామంటే అడవిలోనే చీకటి పడుతుంది” అన్నాడు కండక్టరు. “ఇక్కడితో సరి.” ఈల పెదాల దాకా వెళ్ళింది.

“ఒక్క నిమిషం ఆగు నాయనా.”

పెద్దమ్మ గట్టుకు వీపు పెట్టి, ఎక్కొచ్చిన పల్లం వైపు తిరిగి నిలబడింది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. ఎడమచెయ్యి మెల్లగా పక్కకు చాపింది.

“ఈ చేతి వైపుది మనది కాదు. రెండోది.”

“ఇందాక ఊట దగ్గర కూడా ఇలాగే చెప్పారు” అని గొణిగాడు పోస్టుమాస్టరు, మోచెయ్యి తుడుచుకుంటూ.

ఆవిడ చాపిన చెయ్యి దించలేదు. కండక్టరు ఆ ముఖం వంక చూశాడు. ఇన్నేళ్ళు బస్సులో నిలబడ్డవాడు, తాము దిగాల్సిన చోటు తెలిసినవాళ్ళెవరో, తెలియనివాళ్ళెవరో ముఖం చూస్తే చెప్పగలడు.

ఈల జేబులో వేసుకున్నాడు.

“పోనివ్వండి” అన్నాడు, బస్సులో అన్నట్టే.

పావుగంటకు చెట్లు పలచబడ్డాయి. పెంకులు సగం రాలిన గది, తలుపు లేని గుమ్మం, లోపల ఒక చెక్క బల్ల. కిటికీలోంచి కింద లోయంతా లేత ఎండలో ఆరేసిన దుప్పటిలా పరుచుకుని ఉంది.

పెద్దమ్మ గడపలో నిలబడింది. లోపలికి వెళ్ళి గోడకున్న లాంతరు కొక్కేన్ని తాకింది. ఒకవైపు అరిగిన బల్లను అరచేత్తో నిమిరింది. కిటికీ దగ్గర చాలాసేపు ఆగింది. మిగతావాళ్ళు బయటే నిలబడిపోయారు. పళ్ళ డాక్టరు చెమట తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకుంది.

ఈసారి కండక్టరు వాచీ చూడలేదు. ఆవిడ బయటికి రాగానే చెయ్యి అందించాడు.

“ఇంతకుముందు ఇక్కడికి వచ్చి ఎన్నాళ్ళయింది పెద్దమ్మా?”

“నేను రావడం ఇదే మొదటిసారి నాయనా, ఆయన రోజూ ఇంటికొచ్చి, తను దిగొచ్చిన దారంతా చెప్పేవాడు.”