చిన్నంనాయుడి ఒప్పుదల

ఊళ్ళో ప్రతి ఇంటి గోడ మీదా, చనిపోయిన పెద్దాయన ఒకరు తెరలో కూర్చుని మాట్లాడుతున్న రోజులవి. ఆయన ఊఁ అంటేనే ఇంట్లో పెళ్ళి. గౌరీశు తన తాత చిన్నంనాయుడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బతికుండగా ఊరి ప్రెసిడెంటుగా చేసిన తాత, మగాణ్ణి మగాడు చేసుకుంటే ఊరు మునిగిపోతుందని మీటింగుల్లో గొంతు చించుకున్న మనిషి.

“రాజాం కుర్రోడు ఢిల్లేశుని చేసుకుంటాను తాతా.”

తెరలో తాత కళ్ళెర్రజేశాడు.

“సిగ్గుందేట్రా నీకు? మేనమామ కొడుకు రవణ ఉండగా బయటి సంబంధమేటి?”

గౌరీశు తెల్లబోయాడు. “మరప్పుడు ఇలాటి పెళ్ళిళ్ళని తిట్టీవోడివి కదా?”

“అప్పటి ఓట్లు అలాటివి. ఇప్పుడు ఇంటికో అలాటి జంట ఉంది. మళ్ళీ నేను ప్రెసిడెంటుగా నిలబడాలా వద్దా?”

“రవణకి పెళ్ళయిపోయింది తాతా.”

“అయితే కానియ్యి. మేనరికం కాదన్నందుకు మీ మావకి మాత్రం బట్టలెట్టి, కాళ్ళు పట్టుకుని ఒప్పించుకో.”

గుండె తేలికై, గౌరీశు కొత్త పంచె పట్టుకుని మేనమామ ఇంటికి వెళ్ళాడు. మావ పంచె తీసుకున్నాడు. రవణ నవ్వేశాడు. రవణ పెళ్ళాం మాత్రం మంచినీళ్ళయినా ఇవ్వకుండా గుమ్మంలో నిలబడి, గౌరీశుని ఎగాదిగా చూసింది.

“మా ఆయనలో ఏటి తక్కువైందని బయటోణ్ణి తెచ్చుకుంటన్నావు?”