అక్కచెల్లెండ్ల కుట్లు

ఆ రోజు రుక్కి నిజంగానే నవ్విందా? పంతొమ్మిదేళ్లుగా శోభను వదలని అనుమానం ఇది.

అప్పుడు శోభ దేవరకొండలో ఆరో తరగతి. హాస్టల్లో చేరి నెల కూడా కాలేదు. ఒక ఆదివారం తండా నుంచి రుక్కి వచ్చి గేటు దగ్గర నిలబడింది. అద్దాల లంగా, మోచేతి పైదాకా తెల్లటి గాజులు, కొంగు నిండా గవ్వలు, చేతిలో జొన్నరొట్టెల మూట. ఆమె కదిలితే చాలు, అందరూ తిరిగి చూస్తున్నారు.

“ఎవరే గామె?” అని పక్కనున్న పిల్లలు అడిగారు. ఒకరిద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

శోభ తల దించుకుని ఒక్క మాట చెప్పింది.

రుక్కి వినేటంత దగ్గర్లోనే ఉంది. గాజుల చప్పుడు ఆగిపోయింది. తర్వాత పెద్దగా నవ్వు వినిపించింది. శోభ తలెత్తి చూడలేదు. ఆ మాట అన్నందుకు రాత్రంతా సిగ్గుతో దుప్పటి ముసుగు తీయలేదు.

మరుసటి ఆదివారం రుక్కి మామూలు చీరలో వచ్చింది.

ఇప్పుడు ఇద్దరూ మహబూబ్‌నగర్‌లో, బస్టాండు వెనక సందులో కొట్టు నడుపుతున్నారు. తండా పెళ్లిళ్లలో ఆడవాళ్లు పెళ్లికొడుకును వెక్కిరిస్తూ పాటలు పాడతారు. ఆ వెక్కిరింతను రుక్కి గుడ్డ మీదికి తెచ్చింది. మాట రుక్కిది. శోభ సుద్దముక్కతో అక్షరాలు గీస్తే, వాటి మీద రుక్కి ఎర్రదారంతో కుడుతుంది. చుట్టూ గవ్వలు, అద్దాలు.

చేతిసంచి మీద: “అద్దం చిన్నది, నీ మొఖం పెద్దది.”

దిండు గలీబు మీద: “లేపకుండ్రి. లేస్తే పని చెప్త.”

తలుపు తెర మీద: “లోపట ఎవరు లేరు. ఉన్నా లేరు.”

జనం చదువుకుని నవ్వుతూ కొనుక్కుపోతారు.

కొట్టు తీసుకున్న మొదటి రోజే ఇంటి యజమానురాలు గోవిందమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. “ఒకటే ముక్కు, ఒకటే నడక. మీరిద్దరు అక్కచెల్లెండ్లేనా?”

“మస్తు గుర్తువడ్తివి గదమ్మా!” అని రుక్కి నవ్వింది.

ఆ వారమే బోర్డు రాసేవాడు వచ్చి పేరేమిటని అడిగాడు.

“అక్కచెల్లెండ్ల కుట్లు అని రాయి. గల్లీ అంత గదే అంటాంది,” అంది రుక్కి.

శోభ ఏదో అనబోయింది. అతను అప్పటికే రంగు డబ్బా మూత తీశాడు.

గిరాకీ ఉన్నప్పుడు రుక్కి “చెల్లె!” అని గట్టిగా పిలిచేది. శోభ వెంటనే తల ఎత్తేది కాదు.

పొద్దున్నే భవాని పటం ముందు అగరుబత్తి వెలిగిస్తూ, నోరు తెరిచే ధైర్యం ఇవ్వమని మొక్కుకునేది. కానీ ఎవరి తప్పు వాళ్ల నోటితోనే చెప్పుకోవాలి కదా. అందులో దేవత మాత్రం ఏం చేస్తుంది?

ఒకసారి ధైర్యం చేసింది. “గా దినం గేటు కాడ నేను…”

“ఏ గేటు? రైలు గేటా?” అంది రుక్కి దారం కొరుకుతూ.

“మజాక్ చెయ్యకు. హాస్టల్ గేటు.”

“అరె, దారం అయిపోయింది. జర తెచ్చిపెట్టు.”

మర్నాడు శోభకు కొత్త మాట చెప్పి గీయమంది: “పాత ముచ్చట్లకు గేటు బందు.” ఆ సంచులు వారంలో అన్నీ అమ్ముడుపోయాయి. శోభకు ఒక్కటి అమ్మినప్పుడు కూడా నవ్వు రాలేదు.

మొన్న హైదరాబాద్ నుంచి శ్రీవాణి అనే అమ్మాయి వచ్చింది. అక్కడి పెద్ద దుకాణం కోసం వీళ్ల వీడియో తీస్తానంది. ఫోను నిలబెట్టి అడగడం మొదలుపెట్టింది.

“ఇద్దరిలో ఎక్కువ కోపం ఎవరికి?”

“మా చెల్లెకు. నాకు కోపమొస్తే కుట్టి అమ్ముకుంట,” అంది రుక్కి.

శ్రీవాణి పగలబడి నవ్వి శోభ వైపు తిరిగింది. “ఈ కుట్టు మీకెవరు నేర్పారండీ?”

“అమ్మ,” అంది శోభ మెల్లగా.

“అయ్యో, అయితే ఆమెను కూడా చూపించాలి కదా! ఎక్కడున్నారు? తండాలోనా?”

శోభ జవాబు వెతుక్కునేలోపే రుక్కి అందుకుంది. “యాడిది బిడ్డా! గామె సచ్చిపోయి శాన దినాలాయె.”

అని పెద్దగా నవ్వింది.

అదే నవ్వు. ఈసారి శోభ తలెత్తి చూసింది. పెదవులు నవ్వుతున్నాయి. గడ్డం వణుకుతోంది. కళ్లు ఎవరినీ చూడటం లేదు. సూది గుడ్డలో సగం దిగి అక్కడే ఆగిపోయింది.

పంతొమ్మిదేళ్ల అనుమానం తీరింది. అనుమానమే నయమనిపించింది.

“సారీ అండీ,” అంది శ్రీవాణి కంగారుగా. “ఇది తీసేస్తాను.”

“తియ్యకుండ్రి,” అంది శోభ. లేచి వెళ్లి రుక్కి పక్కన కూర్చుంది. పంతొమ్మిదేళ్ల బాకీ గొంతులోంచి నాలుక మీదికి వచ్చింది.

“సచ్చిపోలేదు మేడం, చిన్నప్పుడు హాస్టల్ గేటు కాడ సిగ్గుకు నేను మా అక్క అని చెప్పిన గీమెనే నన్ను కన్న తల్లి.”