ఇరవై నాలుగో పేజీ

"ఈ పొట్టి సంతకం మీదేనా సార్?" అని అడిగింది ఆడిటరు.

ఆయన వేలు కాగితం అంచు వెంబడి కింది మూల దాకా జరిగి ఆగింది. "నాదేనమ్మా. ఏ పేజీకైనా అక్కడే పెడతాను."

ఆయన ఆ పంపుల కంపెనీలో ఒప్పందాల విభాగానికి మేనేజరు. ఆఫీసంతా ఆయన్ని హెడ్మాస్టారు అంటుంది. నాలుగేళ్ల కిందట ఆయన పెట్టిన పద్ధతి వల్ల వచ్చిన పేరది. ఎవరు ఏ కాంట్రాక్టు తెచ్చినా, తెచ్చినవాళ్లే ఆయన ఎదురుగా నిలబడి మొదటినుంచి చివరిదాకా పైకి చదవాలి.

"అబద్ధం కాగితం మీదయితే దర్జాగా కూర్చుంటుందయ్యా. గొంతులోకి వచ్చేసరికి తడబడుతుంది" అనేవాడు.

తడబడ్డ చోట చెయ్యెత్తి ఆపేవాడు. మళ్లీ చదివించేవాడు. నలభై దాటిన మనుషులు ఒకటో తరగతి పిల్లల్లా పాఠం అప్పజెప్పి, బయటికొచ్చి నవ్వుకునేవారు. కానీ రెండు పెద్ద మోసాలు అలాగే దొరికాయి. దాంతో కొత్తగా చేరినవాళ్లకు కూడా ఆ పద్ధతే నేర్పడం మొదలైంది.

తర్వాత ఏడాదికి కొత్త చట్టం వచ్చింది. లెక్కల్లో దగా ఉంటే కంపెనీ పెద్దాయనే జైలుకెళ్లాలంది. పెద్దాయన ఒక్కడే ఎందుకు వెళతాడు? మూడు నెలలకొకసారి కిందివాళ్లందరి చేతా సర్టిఫికెట్లు రాయించుకోవడం మొదలుపెట్టాడు. హెడ్మాస్టారి వంతుకు వచ్చినదానిలో రెండే వాక్యాలు. 'ఈ మూడు నెలల్లో కుదిరిన ప్రతి ఒప్పందాన్నీ నేను స్వయంగా చదివాను. వాటి వెనక రహస్యంగా ఇచ్చిన హామీలేవీ లేవు.' అబద్ధమైతే ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది. ఆయన ఇప్పటికి పన్నెండు సంతకాలు చేశాడు. రిటైర్మెంటుకు ఇంకో రెండు మిగిలాయి.

ఇప్పుడు బల్లమీద ఉన్నది నాలుగు వందల పంపులు ఒక డీలరుకు అమ్మిన ఒప్పందం. ఆఫీసు ఫైల్లో ఇరవై మూడు పేజీలే ఉన్నాయి. డీలరు దగ్గరున్న ప్రతిలో ఇరవై నాలుగోది కూడా ఉంది. అమ్ముడుపోని పంపులు ఆరు నెలల తర్వాత మేమే వెనక్కి తీసుకుంటాం అని రాసిన ఉత్తరం. అంటే అది అమ్మకమే కాదు. లెక్కల్లో మాత్రం అమ్మకం కిందే ఎక్కింది.

ఆడిటరు సేల్స్ మేనేజరు వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

"ఏం చెప్పమంటారు మేడం. ఇరవై మూడు పేజీలూ చదివాను. మా హెడ్మాస్టారన్నయ్య విన్నారు. ఈ చివరిది ఆయన ముందు పెట్టి నోరు మూసుకుని నిలబడ్డాను. దీన్ని పైకి చదివే ధైర్యం నాకు లేదు. అన్నయ్య దాన్నే చూస్తూ ఓ నిమిషం కూర్చున్నారు. 'అయిపోయిందా' అన్నారు. అయిపోయిందన్నాను. పెన్ను తీసి సంతకం గీసేశారు. దాన్ని ఫైల్లో పెట్టకుండా డీలరుకే ఇచ్చేశాను."

"ఇంకేమీ అడగలేదా?"

"అదే కదా మేడం. కామా పోతే ఊరుకోని మనిషి. నోరెత్తలేదంటే, పోనీలే పాపం అని వదిలేశారనుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడతో కూడా చెప్పాను, అన్నయ్య దేవుడని."

"దేవుణ్ని చేశావు. సంతోషం" అన్నాడు హెడ్మాస్టారు.

సంతకం పెట్టిన ఆ మధ్యాహ్నం ఆయనకు గుర్తొచ్చింది. కాగితం బల్లమీద పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

జేబులో ఫోను మోగింది. భార్య. "కింద ఉన్నానండీ. పైకి రమ్మంటారా?"

"వద్దు. కాసేపాగు."

"వదినే కదా" అన్నాడు సేల్స్ మేనేజరు, ఆ గదిలో ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు. "ఇరవై ఎనిమిదేళ్ల కాపురం మేడం. రోజూ వస్తుంది, ఇప్పటికీ చెయ్యి పట్టుకునే తీసుకెళ్తుంది. మా ఆవిడ నన్ను గేటు దాకా కూడా పంపదు."



ఆడిటరు కుర్చీ ముందుకు లాక్కుంది. "సార్, చేరిన కొత్తలో మీ క్లాసులో నేనూ కూర్చున్నాను. మీ మీద కేసు రాయడానికి నాకు చేతులు రావడం లేదు. ఈ పేజీ తర్వాత ఇరికించారంటే చెప్పండి. సంతకం పరీక్షకు పంపిస్తాను."

"పంపితే నాదేనని తేలుతుందమ్మా."

"అయితే మిగిలింది ఒకటే. చూసి ఊరుకున్నారు. అది ఒక్క కేసు. ఇన్నేళ్ల సర్వీసు చూసి కాస్త దయ చూపించమని నేనే పైన అడుగుతాను. చదవకుండా సంతకం పెట్టానంటారా..." అంటూ తల అడ్డంగా ఊపింది. "మీరా? అలా అంటే మిగతావి చదివారని ఎవరు నమ్ముతారు? పన్నెండు సర్టిఫికెట్లూ అబద్ధమే అవుతాయి. పన్నెండు కేసులు. వాటిని నమ్మి పైన సంతకాలు పెట్టినవాళ్లంతా మునుగుతారు. అప్పుడు మీకోసం అడగడానికి నాక్కూడా నోరుండదు."

ఆయన కాగితాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. సేల్స్ మేనేజరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"చూశాను" అన్నాడు హెడ్మాస్టారు. "చూసే ఊరుకున్నానని రాసుకో అమ్మా."

మొదటి సర్టిఫికెట్టుకు ముందునుంచే ఆయన కళ్లకు మనుషుల ఆకారాలు తప్ప కాగితం మీద ఒక్క అక్షరమూ ఆనడం లేదని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు.