సిరా అంటని వేలు

"మళ్ళీ చెప్పండి. పెద్దసభలో కుర్చీలెన్ని?" భార్య గొంతు తగ్గించి అడిగింది.

"నూట పద్నాలుగు."

"తొలి అధ్యక్షుణ్ణి జనం ఎందుకు దించేశారు?"

"కరువులో... కరువొచ్చిన ఏడు కూడా ధాన్యం పన్ను ఎత్తెయ్యనన్నాడు."

"నీళ్ళు నమలకండి. ఠక్కున చెప్పాలి."

దర్జీ మెడ తుడుచుకున్నాడు. మిషను మీద సగం కుట్టిన చొక్కా చెయ్యి వేలాడుతోంది. పొద్దుటినుంచి ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు.

వీధి చివర బడి ముందు లారీ ఆగి ఉంది. వెనకవైపు కటకటాలు. ఏటి అవతలినుంచి దొంగచాటుగా వచ్చి కలిసిపోయినవాళ్ళను ఏరడానికి పరీక్ష పెడుతున్నారు. దేశం సంగతులు అడుగుతారట. మొన్న పక్క వీధిలో పెట్టారు. ఆ సాయంత్రం రొట్టెల కొట్టు మూతపడింది, మళ్ళీ తెరవలేదు. కొట్టాయన పేపరు చివరి అక్షరం దాకా చదివే మనిషి. అంతటివాడే ఎక్కడ తప్పాడో ఎవరికీ అంతుబట్టలేదు.

దర్జీ, భార్య ఏరు దాటి వచ్చేటప్పటికి ఆమె కడుపుతో ఉంది. పిల్ల ఇక్కడే పుట్టింది. ఆ బడిలోనే చదువుతోంది. వీళ్ళు ఎక్కడివాళ్ళో వీధికి తెలియదు, పిల్లకూ తెలియదు. కొలత తీసేటప్పుడు దర్జీ పెదవి కదపడు. అంకెలు పైకి అంటే ఎక్కడ సొంత భాషలో జారతాయోనని భయం. వీధి ఆయనకు మూగదర్జీ అని పేరు పెట్టింది.

"ఇక్కడ పుట్టినవాళ్ళు మరిచిపోయినా చెల్లుతుంది," అంది భార్య. "మనం మరిచిపోతే పిల్ల గతేంటి?"

గుమ్మంలో నీడ పడింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పక్క కొట్లో తాళాలు బాగుచేసే మేస్త్రీ.

"అన్నా, నా పని అయిపోయింది!"

"ఏమడిగారు?" అంది భార్య.

"ఏమడిగితే ఏం, ఒక్కటి వచ్చి చస్తే కదా! పెద్దసభలో ఎందరు కూర్చుంటారన్నాడు. తలుపు తాళం పాడైతే పిలవండి, అప్పుడు లోపలికెళ్ళి చూసి చెప్తానన్నాను. నోట్లు ఎక్కువ అచ్చేస్తే ఏమవుతుందన్నాడు. మా వీధికీ కాసిని పంపండన్నాను."

"నవ్వారా?" అడిగింది దర్జీ భార్య.

"నవ్వా? చింతాకంత కూడా లేదొదినా. గొర్రెకి రంగు పూసినట్టు ఇది పూసి పొమ్మన్నాడు."

మేస్త్రీ బొటనవేలు చూపించాడు. గోరు మీద నీలం సిరా.

"గుడ్లమ్మే పిన్నికీ పూశారు. తొలి అధ్యక్షుడెవరంటే మా ఆయనేనందట. ఇంట్లో అధ్యక్షత ఆయనదేగా!" మేస్త్రీ నవ్వాడు గానీ వేలిని లాగు మీద రుద్దుతూనే ఉన్నాడు. "ఎంత తోమినా పోవట్లేదొదినా. ఇది దేనికి పూశారంటావు?"

అతను వెళ్ళిపోయాక ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"పాపం, సాయంత్రం ఆ లారీ ఎక్కించేది సిరా వేళ్ళవాళ్ళనే," అంది. "తాతల నాటినుంచీ ఉన్నవాడికే గుర్తు పెట్టారు. ఇంక మనమెంత?"

అంతలోనే బయట కేక వినిపించింది. "దర్జీ ఇంట్లోవాళ్ళు రండి!"

బడిలో బల్లలు పిల్లలవి. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఎదురుగా గోడకు పిల్లలు గీసిన బొమ్మలు. ఒకదాంట్లో కుట్టుమిషను ఉంది, చక్రం మిషనుకంటే పెద్దది. ఎవరు గీశారో దర్జీకి తెలుసు. అటు చూడకుండా తల దించుకున్నాడు.

అధికారి ఆవులించాడు. పక్కన గుమాస్తా పుల్లను సిరాలో ముంచి సిద్ధంగా పట్టుకున్నాడు.

"పెద్దసభలో ఎందరయ్యా?"

"నూట పద్నాలుగు."

అధికారి తల ఎత్తాడు. "తొలి అధ్యక్షుణ్ణి ఎందుకు దించారు?"

దర్జీ చెప్పాడు. గొంతు వణికింది గానీ జవాబు తప్పలేదు.

"నోట్లు ఎక్కువ అచ్చేస్తే?"

"సరుకు పెరక్కుండా నోటు పెరిగితే ధర పెరుగుతుందండి. కూలివాడి కూలి చిక్కిపోతుంది."

అధికారి వెనక్కి వాలాడు. పన్ను ఎవరు వెయ్యాలో అడిగాడు. న్యాయమూర్తిని ఎవరు తీసెయ్యగలరో అడిగాడు. పాత రాజధాని ఎందుకు వదిలేశారో కూడా అడిగాడు. అడిగినకొద్దీ దర్జీ గొంతులో వణుకు తగ్గింది. ఏళ్ళ తరబడి పిల్ల నిద్రపోయాక భార్య చెవిలో పోసిన మాటలు కండె నుంచి దారం లాగినట్టు వచ్చేస్తున్నాయి. పైకి అంకెలు అనడానికి మొదటిసారి భయం వెయ్యలేదు.

గుమాస్తా పుల్ల ముందుకు చాపాడు. దర్జీ బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు.

"అక్కర్లేదు," అన్నాడు అధికారి.

గుమాస్తా పుల్ల తుడిచేసి, సీసాకు మూత బిగించాడు.

దర్జీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. అధికారి తన పక్కనున్న కుర్చీ జరిపాడు. "ఆ బల్ల మీద ఇరుకు. ఇలా రండి," అని మంచినీళ్ళు తెప్పించాడు. ఇంతకుముందు 'ఎందరయ్యా' అన్న మనిషి 'రండి' అంటున్నాడు.

కిటికీ అవతల భార్య తన వంతు కోసం నిలబడి ఉంది. దర్జీ మెల్లిగా శుభ్రమైన బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆమె కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుంది. తరవాత ఆమె పెదవులు కదలసాగాయి. నూట పద్నాలుగు, కరువు, ధాన్యం పన్ను.

అధికారి కళ్ళజోడు తీసి, దర్జీ వైపు తిరిగాడు.

"ఇక్కడ పుట్టినవాళ్ళెవరికీ ఇన్ని తెలియవండీ."