లైటు లేని కూడలి

సిగ్నల్ స్తంభాలు పీకేసి, కూడలి మధ్యలో గుండ్రని దిమ్మె కట్టారు. పాలవ్యాను డ్రైవరు దాని ముందుకొచ్చి ఆగిపోయాడు. స్టీరింగుని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. వెనక హారన్లు మోగుతున్నాయి.

"కదలవేం మరిదీ? ఎవరైనా దిగి తొయ్యాలా?" అంది పక్కనున్న వదిన.

"ఎప్పుడెళ్లాలో చెప్పే లైటు లేదు వదినా."

"దిమ్మె చుట్టూ తిరిగే బండ్లకి దారిచ్చి, ఖాళీ చూసుకుని పోవడమేగా!"

నిరుడు ఇక్కడే లారీ గుద్ది, అతని పక్కన కూర్చున్న అన్న చనిపోయాడు. పచ్చలైటు పడ్డాకే కదిలానని అతను పోలీసులతో చెప్పాడు. వదినతోనూ అదే చెప్పాడు. అది నిజమే.

ఆమె అతని చేతులకేసి చూసింది. "ఆ రోజు లారీ రావడం నీకు కనబడలేదా?"

"కనబడింది వదినా. పచ్చలైటు నాది కదా, వాడే ఆగుతాడనుకున్నాను."