శ్రావణం దాకా

కుప్పం ఆసుపత్రిలో మల్లప్ప మేస్త్రి తొడ దాకా పిండికట్టుతో పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే లేవబోయాడు.

"పండుకో మామా," అన్నాను.

నాకు తాపీ పట్టడం నేర్పింది ఆయనే. ఇప్పుడు కాంట్రాక్టరును నేను, మేస్త్రి ఆయన. కుప్పంలో కల్యాణమండపం మాకు దొరికిన మొదటి పెద్ద పని. రెండో అంతస్తు ఎత్తకముందే కంపెనీ పెట్టుకోమని మదనపల్లె ఆడిటరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "ప్రైవేట్ లిమిటెడ్ అంటే ఇద్దరు డైరెక్టర్లుండాల. నువ్వూ మీ మేస్త్రీ ఉండండి. కంపెనీ పేరుతోనే పనోళ్లందరికీ ఇన్సూరెన్స్ కట్టేద్దాం."

మా ఊరు పుంగనూరు వచ్చి నేను ఆ మాట చెప్పగానే మేస్త్రి ఆధార్ జిరాక్సు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఆషాఢం కదా మామా, ముహూర్తాలు లేవు, శ్రావణం దాకా ఆగమన్యాడు అయ్యోరు," అన్నాను. కంపెనీ ఆగింది. పని మాత్రం ఆపలేదు.

నిన్న గోడ కట్టడానికి ఎక్కిన సారవ కట్టె విరిగి మేస్త్రి రెండో అంతస్తు నుంచి కిందపడ్డాడు.

"మామా, ఆ ఇన్సూరెన్సు..." అంటూ ఏదో చెప్పబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు యాల బాధపడతాండావప్పా? అయ్యోరు ఆగమన్యాడని నువ్వు చెప్పనే చెప్తివి. ఇనకుండా ఆషాఢంలో సారవ ఎక్కినా సూడు, తప్పు నాదే."

ఆ జిరాక్సు ఇంకా నా బండి డిక్కీలోనే ఉంది. తాపీ పట్టే మనిషి నా పక్కన డైరెక్టరుగా కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఏ అయ్యవారి దగ్గరికీ నేను పోనేలేదు.