బూటులో సాలీడు, గోడ మీద బల్లి

దొడ్డిగోడ మీది బల్లి మాటంటే ఆ ఇంట్లో అందరికీ గౌరవమే. అర్థమే ఎవరికీ కాదు. ఆ ఉదయం సూరప్ప పొలం బూటులో విషపు సాలీడు దూరడం చూసి దానికి గుండె ఆగినంత పనైంది.

“బయటికి రావే తల్లీ! అతను కాలు పెడతాడు.”

“నేనేమన్నా పిలిచానా అక్కా? మీద పడితే మాత్రం కరుస్తా,” అంది సాలీడు.

సూరప్ప రానే వచ్చాడు.

“బూటు దులపండి, పురుగూ పుట్రా ఉంటాయి,” అంది భార్య.

“ఏమీ ఉండవే!”

“ఉంది, ఉంది!” అని బల్లి గొంతు చించుకుంది. సూరప్పకు టిక్కుటిక్కుమని వినిపించింది.

“విన్నావా? బల్లి కూడా సత్యమంటోంది!”

బల్లికి ఒళ్ళు మండి అతని కుడిపాదం మీదికి దూకింది. సూరప్ప పరుగున వెళ్ళి పంచాంగం తిరగేశాడు. “ప్రయాణయోగమట!” అని మురిసిపోతూ వచ్చి బూటులో కాలు పెట్టాడు, కెవ్వుమన్నాడు.

కాలు మోకాలిదాకా వాచింది. ఆసుపత్రికని ఆటో ఎక్కిస్తుంటే, చెమటలు కక్కుతూ కూడా అన్నాడు: “చూశావటే, ప్రయాణం తప్పలేదు!”

బల్లి గోడకేసి తల టకటకా బాదుకుంది.

“సత్యం, సత్యం,” అన్నాడు ఆటో డ్రైవరు.